పచ్చిక అద్దెకిచ్చారు, నా ఫోటోలు చెరిపేశారు: విదేశీ కాన్సులేట్ విందు ఉంటే పార్కులో కెమెరా తీయకూడదా?

చెరువుగట్టు కెమెరా | ఆదివారం, ఉదయం 7:10

నిన్న సాయంత్రం జరిగింది రాస్తున్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. పార్కు పేరు, దేశం పేరు, నేను రాసే పత్రిక పేరు దయచేసి అడగకండి.

నేను స్ట్రింగర్‌ని, అంటే పత్రికలో ఉద్యోగిని కాదు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయినదాని లెక్కన డబ్బు తీసుకుని వార్తలు, ఫోటోలు ఇస్తుంటాను. అక్రెడిటేషన్ కార్డు లేదు. మా ఇంటి దగ్గర చెరువు ఉంది, దాని పక్కనే పార్కు, చుట్టూ నడకదారి. పార్కులో పచ్చిక సగం నిన్న ఒక విదేశీ కాన్సులేట్ వాళ్ల విందుకు అద్దెకిచ్చారు. నడకదారికి తాడు కట్టలేదు, గేటు మూయలేదు. రోజూ నడిచేవాళ్లు నడుస్తూనే ఉన్నారు.

నేను తీసింది విందు ఫోటోలు కాదు. వంట టెంటు వెనక గిన్నెలు కడిగిన నీళ్లు నూనె తెట్టుతో సహా ఒక పైపులోంచి చెరువులోకి పోతున్నాయి. పక్కనే రెండు డీజిల్ జనరేటర్లు. అవి నిలబెట్టిన చోట పోయిన వానాకాలం మా కాలనీ పిల్లలు నాటిన మొక్కలున్నాయి. నడకదారి మీద నిలబడి ఆ పైపును, ఆ మొక్కలను తీశాను. ఒకటి రెండు ఫోటోల్లో వెనక అతిథులు కనిపించి ఉండొచ్చు.

ఇద్దరు బౌన్సర్లు వచ్చారు. "ఇది డిప్లొమాటిక్ ప్రోగ్రాం. ఫోటో తీస్తే నాన్ బెయిలబుల్ కేసు" అన్నారు. చెయ్యి పట్టుకుని టెంటు వెనక్కి తీసుకెళ్లారు. ఇరవై నిమిషాలు కదలనివ్వలేదు. కెమెరా లాక్కుని ఒక్కో ఫోటో నా ముందే చెరిపేశారు. అంతకుముందు రోజు తీసిన మా అక్క కూతురు ఓణీల ఫంక్షన్ ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి. అవీ పోయాయి. అక్కకు ఇంకా చెప్పలేదు.

నాకు తెలియాల్సింది ఒకటే. కాన్సులేట్ వాళ్లు పచ్చిక అద్దెకు తీసుకుంటే ఆ కాసేపు అది వాళ్ల దేశం అయిపోతుందా?

కోఠి కెమెరా రిపేర్ | ఆదివారం, ఉదయం 7:32

తమ్ముడూ, ముందు కెమెరాలోంచి ఆ కార్డు తీసి పక్కన పెట్టు. దాని మీద ఒక్క ఫోటో కూడా కొత్తగా తీయకు, ఫార్మాట్ చేయకు. డిలీట్ కొట్టినంత మాత్రాన ఫోటో పోదు, దాని చోటు ఖాళీ అని కార్డు రాసుకుంటుంది అంతే. దాని మీద కొత్తది పడితేనే పాతది పోతుంది. కార్డ్ రీడర్‌లో పెట్టి ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడుపు. దొరికినవి వేరే డిస్క్‌లో పెట్టుకో. చేతకాకపోతే నాకు మెసేజ్ పెట్టు, డబ్బులేం వద్దు. అక్కకు అప్పుడే చెప్పకు.

రామ్‌నగర్ వకీలు | ఆదివారం, ఉదయం 9:05

మీ ప్రశ్నకు సూటిగా జవాబు: కాదు. ఒక్క నిమిషం కూడా కాదు. నిజానికి ఎంబసీ భవనమే పరాయి దేశపు నేల కాదు. అది మన నేలే. వాళ్ల అనుమతి లేకుండా మన పోలీసులు లోపలికి వెళ్లకూడదు, అలాంటి రక్షణలు ఉంటాయి, అంతే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. హైదరాబాద్‌లో ఎంబసీలు లేవు, అవి ఢిల్లీలో ఉంటాయి. ఇక్కడ ఉన్నవి ప్రధానంగా వీసాలు, తమ పౌరుల పనులు చూసే కాన్సులేట్లు. ఇరాన్, తుర్కియే, యూఏఈ, అమెరికా అన్నీ అంతే. అమెరికా వాళ్లు 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలుపెట్టి 2023లో నానక్‌రామ్‌గూడకు మారారు. ఎంబసీలకు వర్తించేది 1961 వియన్నా ఒప్పందం. కాన్సులేట్లకు వేరే ఉంది, 1963 వియన్నా ఒప్పందం. రెండోదాంట్లో రక్షణ బాగా తక్కువ.

1963 ఒప్పందం ప్రకారం కాన్సులేట్ ఆవరణ అంటే కేవలం కాన్సులేట్ పనికోసమే వాడే భవనాలు, వాటి స్థలం. 31వ అధికరణ కాపాడేది అందులో పని జరిగే భాగాన్ని. ఒక సాయంత్రానికి అద్దెకు తీసుకున్న పార్కు పచ్చిక అందులోకి రాదు. 43వ అధికరణ ప్రకారం కాన్సులర్ అధికారికి ఉద్యోగ ధర్మంగా చేసిన పనుల విషయంలోనే మన కోర్టుల నుంచి మినహాయింపు. 55వ అధికరణ ఏమంటుందంటే, ఆ మినహాయింపులున్నా సరే, ఉన్న దేశపు చట్టాలను గౌరవించాలి.

ఇప్పుడు మీ బౌన్సర్ల సంగతి. వాళ్లు దౌత్యవేత్తలు కారు, కాన్సులేట్ ఉద్యోగులు కూడా కారు. ఈవెంట్ కంపెనీ పిలిపించిన కూలీ మనుషులు. వాళ్లకు ఏ ఒప్పందం కిందా ఏ రక్షణా లేదు. మనిషిని అడ్డగించడం భారతీయ న్యాయ సంహిత 126 కింద నేరం, కదలనీయకుండా నిర్బంధించడం 127 కింద నేరం. కెమెరాలో డేటా చెరిపేయడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల పరిధిలోకి వస్తుంది. ఇక దారి మీద నిలబడి పైపును ఫోటో తీస్తే నాన్ బెయిలబుల్ అనే సెక్షన్ ఏదీ లేదు. మిమ్మల్ని బెదిరించారు.

రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. స్టేషన్‌లో తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో డీసీపీకి పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు.

పందిరి పని | ఆదివారం, మధ్యాహ్నం 1:20

నేను ఈవెంట్లు చేస్తాను. ఈ ప్రోగ్రాం నాది కాదు, కానీ ఇలాంటివి చాలా చేశాను కాబట్టి మా వైపు సంగతి కూడా చెప్పాలి.

కాన్సులేట్ ప్రోగ్రాం అంటే మాకు వారం ముందు నుంచే టెన్షన్. గెస్ట్ లిస్టు మూడుసార్లు మారుతుంది. ఎవరి ఫోటో బయటికి వెళ్లకూడదో నోటిమాటగా చెబుతారు, కాగితం మీద ఉండదు. ఒక్క ఫోటో ఎక్కడైనా కనిపించిందంటే మాకు మళ్లీ పని రాదు. డబ్బు కట్టి, అనుమతి తీసుకుని, పందిరి వేసుకుంటాం. ఆ కాసేపైనా అది ప్రైవేటు కార్యక్రమం కాదా? ఫంక్షన్ హాల్లో మీ అమ్మాయి పెళ్లి జరుగుతుంటే ఎవరో గోడ మీద నుంచి కెమెరా పెడితే ఊరుకుంటారా?

చెయ్యి పట్టుకోవడం తప్పే. మా పనిలో అది జరగకూడదు. నీళ్ల పైపు సంగతి చదివి నాకు కూడా బాధగా ఉంది.

మార్నింగ్ వాక్ 5:30 | ఆదివారం, మధ్యాహ్నం 2:48

అన్నా, ఫంక్షన్ హాల్‌కు గోడ ఉంటుంది. హాలు ఓనరు సొంత ఆస్తి. ఈ పార్కుకు ఉన్నది మోకాలెత్తు గడ్డి అంచు. నేను పన్నెండేళ్లుగా ఆ దారిలో నడుస్తున్నాను. నిన్న నేనూ ఉన్నాను. తెల్ల చొక్కా అబ్బాయిని లాక్కెళ్తుంటే దొంగేమో అనుకుని పక్కకు తప్పుకున్నాను. ఆ అబ్బాయి ఈయనేనని ఇప్పుడు తెలిసింది. నన్ను క్షమించండి బాబూ. సాక్ష్యం కావాలంటే నేను వస్తాను.

నైట్ డెస్క్ | ఆదివారం, రాత్రి 11:55

పత్రిక పేజీలు అచ్చుకు వదిలి ఇప్పుడే ఇంటికొచ్చాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మనవాళ్లలో కూడా ఒక అపోహ ఉంది, అది పోవాలి.

మన రాజ్యాంగంలో "పత్రికా స్వేచ్ఛ" అనే మాట విడిగా లేదు. 19(1)(ఎ)లో ఉన్నది పౌరుడి భావప్రకటన స్వేచ్ఛ. పత్రికకు వేరే ప్రత్యేక హక్కు అక్కర్లేదని, పౌరుడి హక్కే పత్రిక హక్కని అంబేద్కర్ రాజ్యాంగ సభలోనే తేల్చారు. కాబట్టి అక్రెడిటేషన్ కార్డు లేదని తమ్ముడు చిన్నబోనక్కర్లేదు. ఆ కార్డు సమాచార శాఖ ఇచ్చేది. బస్ పాస్‌కు, సచివాలయంలోకి వెళ్లడానికి పనికొస్తుంది. దారి మీద నిలబడి చూసింది రాయడానికి కార్డు ఉన్నా లేకపోయినా ఒకటే.

దీనికి రెండోవైపు కూడా ఉంది. ప్రత్యేక హక్కు లేదంటే, పిలవని విందులోకి వెళ్లే హక్కు కూడా మనకు లేదు. జైల్లో ఖైదీలను కలవడానికి విలేకరికి అవకాశం ఇవ్వాలని 1981లో ప్రభాదత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు కూడా, అది అపరిమితమైన హక్కు కాదని, ఎదుటి మనిషి ఒప్పుకోవాలని గుర్తుచేసింది. తమ్ముడు పచ్చిక మీదికి అడుగు పెట్టలేదు. ఆ ఒక్క సంగతి ఫిర్యాదులో మొదటి వాక్యంగా రాయాలి.

డెస్కులో ఉన్నవాడిగా ఇంకొకటి చెప్పాలి. ఇలాంటప్పుడు స్ట్రింగర్ ఒంటరి. మా పత్రిక అయినా, ఇంకో పత్రిక అయినా "అతను మా ఉద్యోగి కాదు" అనే మాట మొదట బయటికి వస్తుంది. ఆ మాట నేనూ ఫోన్లో అన్నాను, రెండుసార్లు. ఈ వారం అనను.

బందోబస్తు | సోమవారం, ఉదయం 6:40

రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్‌ని. అందరూ చట్టం మాట్లాడుతున్నారు, భద్రత గురించి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి.

2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు సదస్సు జరిగిన హెచ్ఐసీసీ నుంచి విందు జరిగిన ఫలక్‌నుమా ప్యాలెస్ దాకా బందోబస్తు ఎలా ఉందో ఈ ఊళ్లో వాళ్లందరికీ తెలుసు. బిచ్చగాళ్లను కూడా రోడ్ల మీది నుంచి తరలించారు. నా మనసుకు అది నచ్చలేదు కానీ డ్యూటీ చేశాను. పరాయి దేశం మనిషి మన ఊళ్లో ఉన్నప్పుడు ఆయన ఒంటి మీద ఈగ వాలినా జవాబు చెప్పాల్సింది మన దేశం. వకీలు గారు చెప్పిన ఒప్పందంలోనే 40వ అధికరణ చూడండి. వాళ్ల ప్రాణానికి, స్వేచ్ఛకు, గౌరవానికి దెబ్బ తగలకుండా చూసుకోవాల్సిన బాధ్యత మనదే. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, బండ్లు ఎటు నుంచి వస్తాయి అనేది ఫోటోలో పడితే నిజంగానే ప్రమాదం.

అయితే ఆ బాధ్యత పోలీసులది. నిజంగా ముప్పు ఉంటే అక్కడ యూనిఫాం ఉండేది, స్నిఫర్ డాగ్ వచ్చేది, దారి ముందే మూసేవాళ్లు. ఇవేవీ లేవంటే స్టేషన్ లెక్కలో ఆ విందుకు ముప్పు లేనట్టే. పోలీసు కెమెరా తీసుకున్నా పంచనామా రాయాలి. కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం సోదా, జప్తు వీడియో కూడా తీయాలి. బౌన్సర్‌కు ఆ అధికారం ఎవరిచ్చారు?

సుల్తాన్ బజార్ | సోమవారం, ఉదయం 10:15

నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. "ఆ కాసేపు అది వాళ్ల దేశం అవుతుందా" అన్న ప్రశ్న చదవగానే మా పేట గుర్తొచ్చింది. ఇదే ఊళ్లో ఒకప్పుడు అది నిజంగానే జరిగింది.

కోఠిలో ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న భవనం ఒకప్పుడు నిజాం దగ్గర బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి అయిన రెసిడెంటు నివాసం. దాని చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లు నిజాం నగరం నడిబొడ్డున ఉన్నా నిజాం చట్టం కిందికి రాలేదు. రెసిడెంటు అధికారమే నడిచేది. 1933లో గానీ అవి తిరిగి నిజాం చేతికి రాలేదు.

ఇందులో మనసుకు తగిలే సంగతి ఒకటుంది. ఆ పరాయి పాలన గీత మనవాళ్లకు కొంత మేలు కూడా చేసింది. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. అనుమతి లేకుండా సభ పెట్టకూడదు. ఆ ఉత్తర్వు అందని చోటు కాబట్టి రెసిడెన్సీ ప్రాంతంలో మనుషులు కొంచెం ఊపిరి పీల్చుకుని మాట్లాడుకోగలిగారు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది కూడా ఆ ప్రాంతంలోనే. ఇప్పుడు తలకిందులైంది. చట్టం అందరికీ ఒకటే అయిన ఊళ్లో, పరాయి దేశం పేరు చెప్పి ఒక గీత గీసి, ఆ గీత దగ్గర మనవాడి నోరు మూయిస్తున్నారు.

ఈ ఊరు షోయబుల్లా ఖాన్‌ది. ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన్ని నడిరోడ్డు మీద చంపారు, రాసిన చేతిని నరికారు. ఈ అబ్బాయికి జరిగింది దాంతో పోల్చదగ్గది కాదని నాకు తెలుసు. అయినా కెమెరా ఉన్న మనిషి చెయ్యి పట్టుకుని ఒకడు లాక్కెళ్లాడని చదివితే నాకు ఆయనే గుర్తొస్తాడు.

నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 11:30

ఏ దేశమో ఊహిస్తూ పెట్టిన రెండు పోస్టులు, ఒక మతాన్ని తిట్టిన పోస్టు తొలగించాను. మొదటి పోస్టులోనే పేర్లు అడగొద్దని రాశారు. అది పాటించండి.

తోడు | మంగళవారం, రాత్రి 9:20

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

విదేశాల్లో భర్తలు వదిలేసిన ఆడవాళ్ల కోసం మేము ఒక చిన్న బృందంగా పనిచేస్తాం. పాస్‌పోర్టు లాక్కుని, ఎయిర్‌పోర్టులో దింపేసి వెళ్లిన కేసులు కూడా చూశాం. కాన్సులేట్ విందులకు మమ్మల్ని అప్పుడప్పుడు పిలుస్తారు. ఒకసారి నాతో ఇద్దరు అమ్మాయిలను తీసుకెళ్లాను. ఆఫీసు కౌంటర్ దగ్గర ఆరు నెలలు తిరిగినా దొరకని మాట, అక్కడ టీ కప్పు చేతిలో పట్టుకుని పది నిమిషాల్లో దొరికింది. కేసు ఎక్కడ ఆగిందో ఆ అధికారి వాళ్లకు విడమరిచి చెప్పారు.

మర్నాడు ఒక వెబ్‌సైట్‌లో గ్రూప్ ఫోటో వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి అత్తగారింటి వాళ్లు దాన్ని చూశారు. "మా పరువు తీయడానికి ఫారిన్ వాళ్ల దగ్గరికి వెళ్లింది" అని ఆ పిల్ల పుట్టింటి మీదికి వచ్చారు. ఆమె తర్వాత మూడు నెలలు ఫోన్ ఎత్తలేదు.

ఆ ఫోటో తీసినాయనకు చెడు ఉద్దేశం లేదు. పార్కు అందరిదే, దారి అందరిదే. కానీ దారి మీద నుంచి కనిపించినంత మాత్రాన ఒక మనిషి ముఖం అందరి సొత్తు అయిపోతుందా? తమ్ముడి ఫోటోల్లో వెనకాల ఎవరున్నారో తనకూ తెలియదు కదా.

రామ్‌నగర్ వకీలు | మంగళవారం, రాత్రి 10:40

తోడు గారి ప్రశ్నకు చట్టంలో చోటుంది. 1994లో ఆర్.రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు రెండూ చెప్పింది: మనిషిని తన మానాన తనను వదిలేయాలనే హక్కు, ప్రజా రికార్డుల్లో ఉన్నదాన్ని ప్రచురించే హక్కు. 2017లో పుట్టస్వామి తీర్పులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. పార్కులోకి వచ్చిన మనిషి తన గోప్యతను మొత్తం గేటు దగ్గర వదిలేసి రాదు.

అయితే ఆ హక్కు ఆ అమ్మాయిది. కాన్సులేట్‌ది కాదు, కేటరర్‌ది అసలే కాదు. ఆమె ముఖం దాచడానికి నూనె పైపు దాచాల్సిన పని లేదు.

విదేశాలతో స్నేహ సంబంధాల మాట కూడా ఎవరైనా ఎత్తుతారు కాబట్టి చెబుతున్నాను. భావప్రకటన స్వేచ్ఛ మీద ఆంక్షలకు వీలిచ్చే 19(2)లో ఆ మాట మొదట లేదు, 1951లో మొదటి సవరణతో చేర్చారు. దాని కింద ఆంక్ష పెట్టాలంటే ఒక చట్టం ఉండాలి, ఆ ఆంక్ష సమంజసంగా ఉండాలి. ఈవెంట్ మేనేజరు నోటిమాట చట్టం కాదు.

కాన్సులర్ రక్షణ ఇంత తక్కువని ఒప్పుకోవడం మనల్ని మనం తక్కువ చేసుకోవడం అనుకునేవాళ్లకు ఒక ఉదాహరణ. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేశారు. అమెరికా చెప్పిన కారణం ఇదే: ఆమె కాన్సులర్ అధికారి, ఉద్యోగ పనులకే రక్షణ, ఇంటి పనిమనిషి జీతం సంగతి అందులోకి రాదు. మనకు కోపమొచ్చింది. ఢిల్లీలో వాళ్ల ఎంబసీ ముందు బారికేడ్లు తీసేశాం. ఆమెను ఐక్యరాజ్యసమితిలోని మన శాశ్వత కార్యాలయానికి మార్చి పూర్తి దౌత్య రక్షణ తెచ్చుకున్నాం. ఆమెతో వాళ్లు ప్రవర్తించిన తీరు దుర్మార్గం, అందులో నాకు సందేహం లేదు. కానీ కాన్సులర్ రక్షణ ఎంత చిన్నదో మన ప్రభుత్వానికే తెలుసు కాబట్టి కదా ఆమె పదవి మార్చింది.

చెరువుగట్టు కెమెరా | బుధవారం, ఉదయం 6:05

కోఠి అన్న దయవల్ల ఫోటోలు వచ్చాయి. ఓణీల ఫంక్షన్‌వి అన్నీ దొరికాయి. నిన్నే అక్కకు ఇచ్చాను, జరిగింది కూడా చెప్పాను.

పార్కు ఫోటోలు పదిహేడు దొరికాయి. తోడు అక్క రాసింది చదివాక వాటిని పెద్దవి చేసి చూశాను. మూడింటిలో ముఖాలు గుర్తుపట్టేలా ఉన్నాయి. ఒకదాంట్లో ఒకావిడ చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంటోంది. నేను తీస్తున్నప్పుడు అది చూడలేదు, నా కళ్లు పైపు మీదే ఉన్నాయి. ఆ మూడూ తీసేశాను. ఈసారి నేనే, నా చేత్తో.

ఫిర్యాదు ఇచ్చాను. రసీదు ఇచ్చారు, ఎఫ్ఐఆర్ కట్టలేదు. పార్కు అద్దె షరతుల కోసం పది రూపాయలు కట్టి ఆర్టీఐ కూడా పెట్టాను.

రామ్‌నగర్ వకీలు | బుధవారం, ఉదయం 8:30

ఆర్టీఐలో అతిథుల పేర్లు గానీ, కాన్సులేట్ రాసిన ఉత్తరాలు గానీ అడిగి ఉంటే ఆ భాగం వదిలేయండి. 8(1)(ఎ), 8(1)(ఎఫ్) కింద పరాయి ప్రభుత్వాల సంగతులు ఆపే వీలుంది. అది చూపించి మొత్తం దరఖాస్తు పక్కన పెడతారు. పార్కు ఎవరికి, ఎంతకు, ఏ షరతులతో ఇచ్చారు అన్నంతవరకే అడగండి. అది మన శాఖ కాగితం.

గోల్కొండ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో అయితే 1959 నియమాల్లోనే ఉంది, కేంద్రం రాతపూర్వక అనుమతి లేకుండా విందు, సభ ఏదీ పెట్టకూడదని. పార్కుల విషయంలో ఏ షరతు ఉందో ఆ కాగితం వస్తేనే తెలుస్తుంది.

చెరువుగట్టు కెమెరా | అయిదు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 8:50

ఆర్టీఐ జవాబు వచ్చింది. రెండు పేజీలు. నాలుగో షరతు: నడకదారి ప్రజలకు తెరిచి ఉంచాలి. ఏడో షరతు: వంట నీళ్లు, చెత్త చెరువులోకి వదలకూడదు. పదకొండో షరతు: మొక్కలకు నష్టం జరిగితే డిపాజిట్‌లోంచి కోత. ఫోటోల గురించి ఒక్క ముక్క కూడా లేదు. డిపాజిట్ మొత్తం తిరిగి ఇచ్చేశారని మాత్రం అందులోనే ఉంది.

వార్త నిన్న జిల్లా పేజీలో వచ్చింది. పైపు ఫోటో, మొక్కల ఫోటో. ముఖాలు లేవు. నైట్ డెస్క్ సార్, హెడింగ్ మీరే పెట్టారని తెలిసింది. నమస్కారం.

కాన్సులేట్‌కు కూడా ఒక ఉత్తరం రాశాను. ఫోటోలు చెరపమని తాము ఎవరికీ చెప్పలేదని, జరిగినదానికి విచారిస్తున్నామని నాలుగు వరుసల జవాబు వచ్చింది. ఎఫ్ఐఆర్ ఇంకా కాలేదు. డీసీపీకి పోస్టు చేసి పదిరోజులైంది.

మార్నింగ్ వాక్ 5:30 | శుక్రవారం, రాత్రి 9:15

మొక్కల్లో రెండు మళ్లీ చిగురు వేశాయి బాబూ. పొద్దున చూశాను. స్టేషన్‌కు సోమవారం వెళ్దాం, మా వాకింగ్ వాళ్లం ఆరుగురం వస్తాం.

పందిరి పని | శనివారం, ఉదయం 7:00

వచ్చే నెల అదే పచ్చిక మీద నాకొక ప్రోగ్రాం ఉంది, అదీ ఒక కాన్సులేట్‌దే. వంట నీళ్లకు ట్యాంకర్ మాట్లాడాను. జనరేటర్లు రోడ్డు వైపు పెడుతున్నాం. ఫోటో వద్దనుకునే అతిథుల మెడలో పసుపు ట్యాగు ఉండాలని క్లయింటుకు చెప్పాను, ఒప్పుకున్నారు. బౌన్సర్లకు కూడా చెప్పాను, పచ్చిక అంచు దాటి దారి మీదికి రావద్దని.

కెమెరా తీసుకుని రండి. పసుపు ట్యాగు ఒక్కటి చూసుకోండి.